బండమీది లెక్క

శ్రావణమాసపు మబ్బు అనంతగిరిమీదికి దిగినపుడు పది బారల దూరమునందలి చెట్టు కంటికి ఆనదు గాని, దాని ఆకులనుండి జారు చినుకుల చప్పుడు మాత్రము చెవి ప్రక్కనే వినవచ్చును. అట్టి దినములలో, అనంతపద్మనాభస్వామి దర్శనమునకు వచ్చిన భక్తులును, హైదరాబాదునుండి కార్లలో వచ్చి మబ్బులో ఫొటోలు దిగు యువజనులును ఎవరి దారిని వారు పోయిన పిదప, ఒక రేకుల వసారాలో చాపముక్క పరచుకొని, నేనెన్నడును చూడని, ఇక చూడబోని, సస్సెక్సు సీమలోని ఒక కలవారి ఇంటి కథను, అయిదు సంపుటముల కథను, నెలదినములు చదివితిని. వికారాబాదులోని మా ఇంటినుండి కొండకు ఆటోలో పావుగంట ప్రయాణము. ఇంటివద్దనైనను చదువుకొనవచ్చును గదా యని మా ఆవిడ అడిగినది. ఇంటివద్ద చదివినచో, చదువుచున్నది నవల యని నలుగురికి తెలిసిపోవునని నా జంకు.

జంకునకు కారణము లేకపోలేదు. ముప్పదిరెండేండ్లు పిల్లలకు చరిత్ర పాఠములు చెప్పి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. రెండవ ప్రపంచ యుద్ధమును నల్లబల్లమీద బాణపు గుర్తులతో నడిపించితిని: ఈ బాణము పోలండు మీదికి, ఈ బాణము ఫ్రాన్సు మీదికి, ఈ వంకర బాణము డన్‌కర్కునుండి వెనుకకు. ఆ బాణముల క్రింద ఎవరి వంటిల్లున్నదో, ఏ పిల్ల జడ వేసికొనుచున్నదో నేను చెప్పలేదు. పరీక్షలో రాదు గనుక పిల్లలును అడుగలేదు. ఇంగ్లండులో రెడింగు పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయి, అచ్చట ధర్మకార్యములకై పాత వస్తువులమ్ము దుకాణమున కారుచౌకగా దొరికినవని, ఈ సంపుటములను సెలవులకు వచ్చినపుడు పెట్టెలో వేసికొని తెచ్చినది. "నాన్నా, నువ్వు చెప్పిన యుద్ధం కాదిది. చదివి చూడు" అన్నది. మొదటి సంపుటము లోపలి పుటలో, ఎవరో కూతురు తన తల్లికి క్రిస్మసు కానుకగా నిచ్చినట్లు నీలిసిరాతో మూడు పంక్తులున్నవి. ఆ తల్లి గతించినదనియు, పిమ్మట ఇల్లు ఖాళీ చేసినారనియు ఊహించుకొంటిని; లేకున్న కానుకపుస్తకము దుకాణమునకు రానేల?

ఎలిజబెత్ జేన్ హోవర్డు వ్రాసిన ఈ కాజలెట్ కుటుంబగాథలో మొదటి నవల 1990లోను, నాలుగవది 1995లోను వెలువడినవి. అయిదవదానిని ఆమె తొంబదియేండ్ల వయస్సున, 2013లో, ప్రకటించి, మరుసటి జనవరిలో కన్నుమూసినది. కథ 1937లో మొదలగును. కలపవ్యాపారము చేసి గడించిన ముసలి దంపతులు, వారి ముగ్గురు కొడుకులు, పెండ్లికాని కూతురు, కోడండ్రు, పనివారు, వీరందరి నడుమ ముగ్గురు మనుమరాండ్రు: లూయీజ్, పాలీ, క్లేరీ. యుద్ధము వచ్చువేళకు ముగ్గురును బాల్యపు గడప దాటుచున్న పిల్లలు. అది ముగియువేళకు ఒకతె పెండ్లియాడి బిడ్డను కన్నది, ఒకతె తల్లిని పోగొట్టుకొన్నది, ఒకతె తండ్రికై ఎదురుచూచుచున్నది. క్లేరీ తండ్రి రూపర్టు 1940లో ఫ్రాన్సున చిక్కుబడిపోవును. అతడిక లేడని పెద్దలు లోలోన నిశ్చయించుకొనియు పైకి అనజాలకుండగా, ఆ పిల్ల యొక్కతె, నాయన వచ్చిన పిదప చదువుకొనునని, ఇంటి ముచ్చటలన్నిటిని నోటుపుస్తకములలో నింపుచుండును. నేను వంకర బాణమొకటి గీచి వదలిన డన్‌కర్కు ఈ పిల్లకు అయిదేండ్ల వ్రాతపని యైనది.

రచయిత్రి 1923లో పుట్టినది. పందొమ్మిదవ యేట, యుద్ధము నడుమ, 1942లో, నౌకాదళమున నున్న చిత్రకారుడైన పీటర్ స్కాటును పెండ్లాడి, యుద్ధానంతరము ఆ కాపురము విడిచివచ్చినది. నవలలోని లూయీజ్ కథ ఇంచుమించు ఇదియే. కనుక ఈ గాథ విని వ్రాసినది కాదు, పడి వ్రాసినది. అట్లని ఏడ్పుగొట్టు రచన యనుకొనరాదు. ఆమె ఎవరినీ దూషింపదు, ఎవరినీ క్షమింపమని అడుగదు. భోజనపు బల్లవద్ద ఎవరు ఎవరివైపు చూడలేదో అది మాత్రము చెప్పి ఊరకుండును.

ఇట్టి నవలలు ఇంగ్లండున పుంఖానుపుంఖముగా వచ్చినవి, ఇప్పటికిని వచ్చుచున్నవి. వాటిలో పెక్కింటిని, సూటిగా చెప్పవలెనన్న, రైలు ప్రయాణమునకు మించి మోయనక్కరలేదు. ఐనను చెత్తనుండియు చరిత్ర ఏరుకొనవచ్చునని ముసలితనమున తెలిసికొంటిని. 1941 డిసెంబరులో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము ఇరువదినుండి ముప్పదియేండ్ల లోపు అవివాహిత స్త్రీలను సైతము యుద్ధసేవకు పిలిచినది. కొందరు సైన్యపు కార్యాలయములకు, కొందరు ఫిరంగిగుండ్ల కర్మాగారములకు, కొందరు 'ల్యాండ్ ఆర్మీ'లో చేరి పొలములకు పోయిరి. మొదటి జీతము, మొదటి గది, తలుపునకు లోపలినుండి వేసికొను గడియ ఆ పిల్లలకు యుద్ధము పుణ్యమున లభించినవి. శాంతి వచ్చి వాటిని తిరిగి అడిగినది. అడిగిన తీరు మర్యాదగానే ఉండెను. అలసిపోయినావమ్మా, ఇక విశ్రమింపుమనుచు అడిగినది.

మన పాఠ్యపుస్తకములలో 1945తో యుద్ధాధ్యాయము ముగియును. ఇంగ్లండు వంటింటిలో ముగియలేదు. యుద్ధము నడచినంతకాలము కోటా లేని రొట్టెకు 1946 జూలైలో, గెలిచిన పిదప, కోటా పెట్టినారు, రెండేండ్లుండెను. మాంసముమీది ఆంక్ష తొలగి రేషను పూర్తిగా పోవుటకు 1954 జూలై వరకు ఆగవలసివచ్చినది. గెలిచినవారు తొమ్మిదేండ్లు రేషను పుస్తకము చేతబట్టుకొని వరుసలో నిలుచుట ఏమి గెలుపో విద్యార్థులకు చెప్పియుండిన, ఒకనికైనను గుర్తుండెడిది.

ఆ ఇంగ్లండు పిల్లలు తలయెత్తి చూచిన ఆకాశమున మన సొమ్మును ఎగిరినదను సంగతి చదువరులలో ఎందరెరుగుదురో తెలియదు. నిజాము ఇచ్చిన విరాళమునకు కృతజ్ఞతగా బ్రిటిషు వైమానిక దళమువారు 152వ స్క్వాడ్రనునకు 'హైదరాబాదు' అను పేరు పెట్టిరి. దాని చిహ్నము నిజాము తలపాగా. 1940 వేసవిలో, ఆకాశయుద్ధము ముమ్మరముగా సాగినపుడు, ఆ దళపు స్పిట్‌ఫైర్ విమానములు డోర్సెట్ సీమలోని వార్మ్‌వెల్ స్థావరమునుండి లేచెడివి. డోర్సెట్ పల్లెలోని ఏ అమ్మాయియో పెరటిలో దుప్పట్లు ఆరవేయుచు, నెత్తిమీదుగా పోవు విమానమును చూచి ప్రాణము నిలిచినదనుకొనియుండును. ఆ విమానపు ఖరీదులో తాండూరు వైపు జొన్నచేల శిస్తు ఎన్ని పైసలున్నవో లెక్కగట్టినవారు లేరు.

శిస్తన్న మా మేనత్త జ్ఞాపకమునకు వచ్చును. నిజమునకు ఈ నవలలు చదువుచున్న నెల పొడుగునను ఆమెయే నా కనులయెదుట తిరిగినది.

ఆమెను తాండూరుకు రెండు కోసుల దూరమున, కాగ్నా ఒడ్డునకు కొంత ఎగువనున్న పల్లెలో ఇచ్చినారు. ఆ తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. అందుచేత ఆ ఇంటికి వచ్చు సర్కారు కాగితము ఉర్దూలోను, తెచ్చువాని మాట సగము కన్నడములోను, అందుకొను ఇల్లాలి గోడు తెలుగులోను ఉండెడివి. కాపురమునకు వచ్చిన రెండవ యేట భర్త పటాలములో చేరి మలయా పోయెను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైన పిమ్మట అతని జాడ తెలియలేదు. పిల్చర్ అను రచయిత్రి వ్రాసిన 'కమింగ్ హోమ్' నవలలో, కార్న్‌వాల్ తీరమున పెరుగుచున్న జూడిత్ అను పిల్లకు తల్లిదండ్రులు, చెల్లెలు ఆ సింగపూరులోనే మాయమగుదురు. ఆ పుటలను చదువునపుడు పుస్తకము మూసి కొంతసేపు మబ్బువైపు చూచుచు కూర్చుంటిని. జూడిత్‌కు ఆ నగరము పటములోనైనను తెలియును. మా మేనత్తకు 'మలయా' యన్నది రైలు పోవు దిక్కు మాత్రమే.

ఇంటిలో మామగారు లేరు, అత్తగారికి చూపు లేదు, మరుదులు పిల్లలు. పదునారేండ్ల ఆ పిల్ల నెత్తిమీద అప్పుడు లెవీ పడినది. యుద్ధకాలమున హైదరాబాదు సర్కారు ప్రతి రైతునుండియు నిర్ణయించిన ధరకు ఇంత ధాన్యమని నిర్బంధముగా కొలిపించుకొనెడిది. భూములు మెండుగా గలవారు పట్వారీని మంచిచేసికొని తప్పించుకొనెడివారు, తప్పించుకొనలేనివాని గరిసె తుడిచిపెట్టుకొని పోయెడిది. పట్వారీ ఉర్దూలో రసీదు వ్రాసి ఇచ్చెను. మా మేనత్త చదువలేదు. ఏమి వ్రాసెనో అడిగిన, ఇచ్చినదంతయు వ్రాసితినమ్మా యనెను. ఆ యేడు ఆమె నమ్మినది. మరుసటి యేడు, ఇచ్చిన జొన్నలే ఇవ్వలేదని తగాదా వచ్చినపుడు, నమ్మకము మానినది.

ఆ ప్రాంతమున ఇండ్ల గోడలకు, నేలలకు, ఒక్కొక్కచోట కప్పునకు సైతము నాపరాతి బండలే. నేటికిని తాండూరు బండ యన్న దేశమంతట తెలియును. గరిసె ప్రక్కగోడలో చాపంత వెడల్పు గల నీలపుబండ యొకటి నిలువుగా అమర్చియుండెను. మేనత్త కొడవలి మొనతో దానిమీద గీతలు గీచినది: కొలిచి పంపిన పల్లాకొక నిలువుగీత, ఏడు మారినపుడు ఒక అడ్డుగీత. రసీదును కుండలో దాచి, బండను ఎదుట పెట్టుకొని, పట్వారీ వచ్చినపుడల్లా వ్రేలుపెట్టి లెక్కించి చూపెడిది. చదువురాని ఆడది గోడ చూపుచున్నదని ఊరివారు నవ్విరట. పట్వారీ మాత్రము నవ్వలేదట. ఆ యేటినుండి ఆ ఇంటి కొలత తప్పలేదు.

నేను పదియేండ్లవాడనై యుండగా ఎండకాలపు సెలవులలో ఆ గీతలు లెక్కపెట్టితిని. ఇరువదిమూడు నిండుగీతలు, ఇరువదినాలుగవది సగముననే ఆగినది.

"ఇదేంది అత్తమ్మా, సగమే ఉన్నది?"

"గా పొద్దే మీ మామ ఒచ్చిండు బిడ్డా."

"ఒస్తే?"

"లెక్క ఇగ నేను సూసుకుంటనన్నడు. నువ్వు కూసో అన్నడు. కూసున్న."

ఇంతే. మామ మంచివాడు. మలయానుండి ఎముకలగూడుగా తిరిగివచ్చినవాడు, బ్రతికినంతకాలము అన్నము పారవేయనిచ్చినవాడు కాడు, భార్యమీద చేయియెత్తినవాడు కాడు. తాను లేనపుడు ఆమె పడిన పాట్లు తెలిసి, జాలిచేతనే కూర్చుండుమనెను. కాజలెట్ గాథలో రూపర్టు తిరిగివచ్చిన పిదప అతనికి, భార్యకు నడుమ నడచు మౌనమును చదువుచు, మంచివారి నడుమ జరుగు ఈ అన్యాయమునకు దోషి యెవరని ఎంత వెదకినను నాకు దొరకలేదు. నవలాకర్త్రికిని దొరకలేదు. దొరకినట్లు నటింపలేదు గనుకనే ఆమె గొప్పది.

కాని ఇంగ్లండువారి 'తరువాత'కు, మన 'తరువాత'కు ఒక భేదము కలదు. వారికి 1945 మే నెలలో తుపాకి ఆగినది. ఇచ్చట లెవీ ఆగలేదు. ఆ లెవీ, వెట్టిచాకిరి, భూమి తగాదాలు కలిసి 1946లో సాయుధపోరాటమై రగిలినవి. 1948 సెప్టెంబరులో భారతసేన హైదరాబాదున ప్రవేశించినది. పోరాటము విరమించుటకు 1951 అక్టోబరు వచ్చినది. తెలంగాణపు యుద్ధానంతరము ఆరేండ్లు ఆలస్యముగా మొదలైనదనవలెను. మొదలైనపుడు నల్లగొండ, వరంగల్లు అడవులలో తుపాకి పట్టి దళములు నడపిన ఆడపిల్లలు కూడ ఆ మాటయే వినవలసివచ్చినది: ఇక ఇంటికి పొండి. స్త్రీశక్తి సంఘటనవారు వారి నోటిమాటలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా ప్రకటించిరి. అందు పోరాటపు కష్టములకంటె, అది ముగిసిన మరునాటి వెలితి నన్ను ఎక్కువగా కలచినది. తుపాకి పట్టిన చేతికి గరిటె నిచ్చుట ఒక దినపు పని. ఆ చేయి గరిటెకు అలవాటు పడుటకు ఎన్నేండ్లు పట్టినదో గ్రంథములో చెప్పినవారు కొందరే, చెప్పక వదలినవారు పెక్కురు.

ఇంత సరకు ఉండియు మనకు ఇట్టి కుటుంబగాథలు ఎందుకు రాలేదు? అసలే రాలేదనుట అపచారము. దాశరథి రంగాచార్యుల 'చిల్లరదేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదము' వరుసగా చదివిన తెలంగాణపు మూడు కాలములు కనబడును. కాని వాటి నడిబొడ్డున ఉన్నది ఊరు, ఇల్లు కాదు. మాలతీ చందూరు 'హృదయనేత్రి' వ్రాసి 1992లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. ఆమెను తలచినపుడు ఇంకొక ఋణమును చెప్పవలెను. 'పాత కెరటాలు' శీర్షికన ఆమె 'స్వాతి'లో ఆంగ్లనవలలను ఒక్కొక్కటిగా తెలుగువారికి చెప్పుచు వచ్చినది. ఇంగ్లీషు రాని మా అక్కలు, వదినలు మధ్యాహ్నపు వంట ముగించి, చాపమీద పడుకొని, ఆ పుటలలో పరదేశపు ఇండ్లలోనికి పోయివచ్చెడివారు. నేను ఆ పత్రికను చూచి పెదవి విరిచెడివాడను. చరిత్ర చదివిన గర్వము! వారపత్రికలలో స్త్రీలు వ్రాసిన నవలలను 'వంటింటి సాహిత్యము' అని ఎకసక్కెమాడిన విమర్శకులలో నా గొంతును కలిపినవాడనే. వంటింటిలోనే లెవీధాన్యపు లెక్క యున్నదని నాకప్పుడు తోచలేదు. పదియేండ్లనాడే ఆ గీతలను వ్రేలితో తడిమియు తోచలేదు.

నాకు తోచిన కారణము మరియొకటి కలదు. క్లేరీకి నోటుపుస్తకమున్నది, అటకమీద పాత ఉత్తరముల పెట్టెలున్నవి, పుస్తకమును పారవేయక అమ్మకమునకిచ్చు దుకాణములున్నవి. మన ఆడవారికి కాగితము లేదు. ఉన్న రసీదు వేరొకరి భాషలో ఉండెను. నోట నున్నది నోటితోనే పోయినది.

ఐతే కాజలెట్‌వారి గాథను నెత్తిన పెట్టుకొని ఊరేగవలెనని నా భావము కాదు. వంటమనిషి, కారు నడుపువాడు ఉన్న ఇంట యుద్ధము ఒక తీరుగా వచ్చును, లేని ఇంట ఒక తీరుగా వచ్చును. ఆ కలప ఏ అడవులనుండి, ఎవరి భుజములమీద వచ్చెనో ఆ పిల్లలు అడుగరు. ఈ లోటు తీర్చు నవల యొకటి ఈ కొండమీదనే గుర్తుకు వచ్చినది. నిజాము కాలము నాటి క్షయరోగుల వైద్యశాల ఇచ్చట కలదు. చుట్టుప్రక్కలవారు దానిని టీబీ దవాఖాన యందురు. మందు లేని దినములలో కొండగాలియే మందు. లిండా గ్రాంట్ 2016లో ప్రకటించిన 'ది డార్క్ సర్కిల్' నవలలో, లండను తూర్పుపేటలకు చెందిన పేదపిల్ల మిరియమ్ తన కవలసోదరునితో కూడ యుద్ధానంతరము కెంట్ సీమలోని ఇట్టి వైద్యశాలకే వచ్చును. 1948లో అందరికిని ఉచితవైద్యమను ఏర్పాటు జరిగినది గనుక, పూర్వము ధనికులకు మాత్రమే ప్రాప్తించిన ఆ వసారామీద ఆమెకు పడక దొరకినది. ప్రక్కపడకలో చదువుకొన్న పిల్ల. స్ట్రెప్టోమైసిన్ వచ్చినదనియు, అందరికి చాలదనియు వారు వినుచుందురు. చలిలో, ఆరుబయట, తమ వంతునకై పడియుండు ఆ అమ్మాయిలను చదివి దవాఖాన ముందుగా నడచుచుండగా, ఇచ్చటి వసారాలలో ఎందరు పడియుండి ఏమి మాటలాడుకొనిరో యని నిలిచిపోయితిని. గేటు కావలివాడు వచ్చి ఎవరిని చూడవలెనని అడిగినాడు. ఎవరినీ కాదంటిని.

అయిదవ సంపుటము ముగిసిన మరునాడు తాండూరు బస్సెక్కితిని. మేనత్త పోయి పదునెనిమిదేండ్లైనది. గరిసె యున్న కొట్టును ఆమె మనుమడు తీసివేసి కారు నిలుపు చోటు చేసికొన్నాడు. బండ యేమైనదని అడిగితిని. "గా పాత బండనా? పారెయ్యలే మామా, ఎన్కకున్నది" అని చూపినాడు. పెరటిలో పంపుక్రింద పరచినారు. బట్టలుతుకు నడిభాగమున రాయి అద్దమువలె నున్నగా అరిగినది. గోడవైపు మూలన మాత్రము పదకొండు గీతలు వ్రేలికి తగులుచున్నవి. సగము గీత వాటిలో లేదు.